నైట్రో బగ్గీ క్లచ్ సెట్ చేసుకోవడం ఎలా: ఎర్రనేల మీద జారుడూ పట్టూ

రిమోట్ ట్రిగ్గర్ నొక్కగానే ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తుంది, బండి మాత్రం తాపీగా కదులుతుంది. లేదంటే దీనికి పూర్తి విరుద్ధంగా, నొక్కీ నొక్కగానే ఇంజిన్ గొంతు పూడుకుపోయి ఆగిపోతుంది. రెండు సందర్భాల్లోనూ చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బరేటర్ నీడిల్ (ఇంధనం ఎంత వెళ్ళాలో సరిచేసే మర) మీద పడతారు. తిప్పీ తిప్పీ ఇంజిన్‌కి ఉన్న మంచి ట్యూనింగ్ కూడా పోయాక, అప్పుడు క్లచ్ గుర్తొస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా 1/8 సైజు నైట్రో బగ్గీ, అంటే రిమోట్‌తో నడిపే, నైట్రో ఇంధనంతో తిరిగే చిన్న మట్టి రేసు బండి గురించి. దానికి 3.5 సీసీ ఇంజిన్ (పాయింట్ 21 అంటారు), 125 సీసీ ట్యాంకు, మూడు లేదా నాలుగు షూల క్లచ్. విజయనగరం చుట్టుపక్కల నేలనీ గాలినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వీడియోల్లో చూపించే సెట్టింగులు నీళ్ళు చల్లి, రోలర్ తొక్కించిన ట్రాకుల కోసం చేసినవి. మన దగ్గర కింద గట్టి ఎర్రనేల, దాని మీద వదులుగా గులకమట్టి. అక్కడ బాగా పనిచేసిన గట్టి స్ప్రింగు ఇక్కడ చక్రాల్ని ఉన్నచోటే తిప్పి దుమ్ము లేపుతుంది తప్ప బండిని ముందుకు తొయ్యదు.

లోపల జరిగేది

టీవీఎస్ ఎక్స్‌ఎల్ తోలినవాళ్ళకి ఈ క్లచ్ కొత్త కాదు. దానికి క్లచ్ లివర్ ఉండదు. ఎక్సిలేటర్ తిప్పితే ఇంజిన్ స్పీడు పెరిగి, లోపలి షూలు బయటికి విచ్చుకుని, చుట్టూ ఉన్న డ్రమ్ముని పట్టుకుంటాయి. నైట్రో బండిలోనూ అంతే, సైజే తేడా. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కి ఉన్న పిన్నుల మీద షూలు కూర్చుంటాయి, ఒక్కో షూని ఒక్కో స్ప్రింగు లోపలికి అదిమి పెడుతుంది. చుట్టూ ఉన్న గిన్నె క్లచ్ బెల్. దాని పళ్ళే పెద్ద గేరుని తిప్పుతాయి.

షూని బయటికి లాగే బలం తిరిగే వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. నిమిషానికి 10,000 చుట్ల దగ్గర ఎంత బలం ఉందో, 14,000 దగ్గర దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. షూ ఎప్పుడు బెల్‌ని తాకాలో నిర్ణయించేది స్ప్రింగు. అవి తీగ మందాన్ని బట్టి 0.9, 1.0, 1.1 మి.మీ. అని దొరుకుతాయి. 0.1 మి.మీ. తేడా ఏపాటిది అనిపిస్తుంది కానీ, స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మిగతా కొలతలన్నీ ఒకటే అయితే 0.9 కంటే 1.0 స్ప్రింగు ఒకటిన్నర రెట్లు గట్టిది. ఆ లెక్కన క్లచ్ పట్టే స్పీడు 23 శాతం దాకా పైకి జరుగుతుంది. అందుకే స్ప్రింగు మార్చడాన్ని చిన్న మార్పుగా తీసుకోకండి.

జారడం లోపం కాదు. ఇంత చిన్న ఇంజిన్‌కి తక్కువ స్పీడులో బలం ఉండదు. అది బలం పుంజుకునే స్పీడు దాకా ఎదగడానికి క్లచ్ కాసేపు జారాలి. ఆ కాసేపు ఎంతన్నదే ప్రశ్న. మరీ తక్కువైతే ఇంజిన్ కూలబడుతుంది, మరీ ఎక్కువైతే ఇంజిన్ ఇచ్చిన బలమంతా బెల్‌లో వేడిగా పోతుంది. ఆ వేడి మొదట బేరింగుల్ని తింటుంది, తర్వాత స్ప్రింగుల్ని మెత్తబరుస్తుంది.

ముందు ఇంజిన్ సంగతి తేల్చండి

ఇంజిన్ సరిగ్గా లేకుండా క్లచ్ ముట్టుకోవద్దు. బండిని నాలుగైదు నిమిషాలు తిప్పి వేడెక్కించండి. గ్లో ప్లగ్ (ఇంజిన్ తలలో ఇంధనాన్ని రగిలించే ప్లగ్) దగ్గర టెంపరేచర్ గన్‌తో చూస్తే సాధారణంగా 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. ఫుల్ రేస్‌లో సైలెన్సర్ నుంచి సన్నటి పొగ తీగ కనబడుతూ ఉండాలి. పొగ అసలు లేకపోతే ఇంధనం చాలడం లేదు, హై స్పీడు నీడిల్ కొంచెం తెరవండి.

తర్వాత లో స్పీడు నీడిల్. వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా కార్బరేటర్ దగ్గర ఇంధనం గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకోండి. రెండు మూడు సెకన్ల తర్వాత స్పీడు కొద్దిగా పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. నొక్కిన వెంటనే ఆగిపోతే ఇంధనం తక్కువ. ఐదు సెకన్లు దాటినా ఆగకుండా స్పీడు పెరుగుతూ పోతే ఎక్కువ. ఐడ్లింగ్‌లో కార్బరేటర్ సందు 0.5 నుంచి 0.8 మి.మీ. మధ్య ఉండాలి. అంతకన్నా తెరిచి ఉంటే ఐడ్లింగ్ స్పీడు ఎక్కువై, క్లచ్ పట్టకూడని చోట పట్టేస్తుంది. అది క్లచ్ తప్పు కాదు.

మన వాతావరణం ఇక్కడే ఆట ఆడిస్తుంది. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ ఎక్కువ. తేమ ఉన్నా, వేడి పెరిగినా గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గుతుంది. ఉదయం ఏడింటికి చక్కగా పరిగెత్తిన బండి మిట్టమధ్యాహ్నం గుడగుడలాడుతూ, పొగ చిమ్ముతూ, పికప్ లేకుండా ఉంటే దానికి ఇంధనం ఎక్కువైందని అర్థం. నీడిల్‌ని గడియారంలో పెద్ద ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత మూస్తే చాలు. దాన్ని చూసి క్లచ్ జారుతోందనుకుని గట్టి స్ప్రింగు వేస్తే రెండు తప్పులు కలిసి మూడోది పుడుతుంది.

ఇంధనం డబ్బా మూత కూడా చూసుకోండి. ఈ ఇంధనంలో ఉండే మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా బిగించకుండా వారం రోజులు ఉంచిన ఇంధనంతో ఏ ట్యూనింగూ నిలబడదు. క్లచ్ మీద అనుమానం వచ్చినప్పుడు కొత్త డబ్బా తెరిచి ఒకసారి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

ఇంధనం పట్టుకున్న చేతులు కళ్ళకి తగలనివ్వకండి, చర్మం మీద పడితే కడిగేసుకోండి. మిథనాల్ విషం, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. అది అంటుకుంటే పట్టపగలు మంట కంటికి కనపడదు. నీళ్ళతో ఆరుతుంది కాబట్టి బకెట్ నీళ్ళు పక్కన పెట్టుకోండి. కాలిన బెల్, చిందిన ఇంధనం ఒకే చోట ఉండే పని ఇది.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఛాసిస్ కింది నాలుగు స్క్రూలు తీసి ఇంజిన్ బయటికి తియ్యండి. బెల్ స్క్రూ విప్పేటప్పుడు ఫ్లైవీల్ తిరుగుతుంది. దాన్ని ఆపడానికి సైలెన్సర్ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ని అడ్డుకోవడం కొందరికి అలవాటు. పిస్టన్ అంచు గాని స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) గాని గీత పడితే కంప్రెషన్ పోయి, ఇంజిన్ ఖరీదంత నష్టం. ఫ్లైవీల్ పట్టుకునే రెంచి చవకే, కొనుక్కోండి. మామూలు ప్లయర్‌తో పట్టుకున్నా ఫ్లైవీల్ అంచు దెబ్బతిని, ఇంజిన్‌ని స్టార్ట్ చేసే స్టార్టర్ బాక్సు చక్రం జారడం మొదలుపెడుతుంది.

స్క్రూ వెనక వాషరు, దాని వెనక షిమ్ములు (సందు సరిచేసే పల్చటి వాషర్లు), బేరింగు, బెల్, మళ్ళీ బేరింగు, మళ్ళీ షిమ్ములు వస్తాయి. తీసేటప్పుడే ఫోన్‌తో ఫొటో తీసి, తీసిన వరసలోనే పాత చొక్కా గుడ్డ మీద పేర్చండి. మందం 0.1 మి.మీ. ఉన్న షిమ్ము నూనెతో బేరింగుకి అతుక్కుని ఉంటుంది, చూసుకోకపోతే కడిగేటప్పుడు పోతుంది.

ఇప్పుడు ఒక్కొక్కటీ వెలుతురులో చూడండి. బెల్ లోపలి గోడ నీలం రంగు తిరిగి ఉంటే క్లచ్ చాలాసేపు జారి కాలింది. అద్దంలా మెరుస్తుంటే గ్లేజ్ పట్టింది. అలాంటప్పుడు 400 నంబర్ ఎమ్రీ పేపర్‌తో లోపలి గోడని అడ్డంగా, అంటే చుట్టూ కాకుండా లోపలి నుంచి బయటికి రుద్ది గరుకు చెయ్యండి. షూల ముఖాన్నీ అలాగే. షూలు రుద్దుకున్న చోట మెట్టు పడితే లేత్ షాపుకి తీసుకెళ్ళి చెక్కించాలనిపిస్తుంది. వద్దు. గట్టిపరిచిన పైపొర పోతుంది, లోపలి వ్యాసం పెరిగి షూ ఇంకాస్త దూరం విచ్చుకోవాలి, పట్టు ఆలస్యమవుతుంది. అంచు మెట్టు చిన్నదైతే ఎమ్రీతో సరిచెయ్యండి, గోరు తగులుకునేంత ఉంటే బెల్ మార్చండి. పళ్ళు రంపంలా కొసదేరినా అంతే.

బేరింగు వేలి మీద పెట్టి తిప్పండి. గరగరమంటే తీసెయ్యండి. ఫ్లైవీల్ వైపు ఉన్నదే ముందు పోతుంది, వేడీ దుమ్మూ దానికే ఎక్కువ. చాలా బగ్గీల్లో ఇవి 5×10×4 మి.మీ., కొన్నిట్లో 5×11×4. మీది కొలిచి తీసుకోండి. బేరింగు షాపులో బండి పేరు చెబితే ప్రయోజనం లేదు, కొలత చెప్పి రబ్బరు సీలు ఉన్నది అడగండి. 5×10×4కి ఎంఆర్105 అనే నంబరు చెప్పొచ్చు. మన ఊళ్ళలో లేకపోతే విశాఖ వెళ్ళినప్పుడు నాలుగైదు కలిపి తెచ్చుకోవడం మంచిది. ఇవి చక్రాల టైర్లలా అరిగిపోయే వస్తువులు. బేరింగు బిగుసుకుపోతే క్లచ్ పట్టకపోయినా బెల్ ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది, బండి ఐడ్లింగ్‌లోనే పాకుతుంది. క్లచ్ రిపేరని వచ్చే బళ్ళలో ఎక్కువ భాగం విప్పి చూస్తే బేరింగు రిపేరే.

కొత్త బేరింగుకి సన్న నూనె ఒక్క చుక్క, అంతకంటే వద్దు. ఎక్కువైతే ఆ నూనె విసురుకి షూల మీద పడి, మీరు ఏ స్ప్రింగు వేసినా క్లచ్ జారుతూనే ఉంటుంది. విప్పినప్పుడు లోపలంతా నల్లటి జిడ్డు కనిపిస్తే, నూనె మీరు వేసిందా లేక ఇంజిన్ ముందు బేరింగు నుంచి కారుతోందా చూడండి. రెండోదైతే ఎంత తుడిచినా ఒక ట్యాంకులో మళ్ళీ అదే పరిస్థితి. తుడవడానికి బ్రేక్ క్లీనర్ గాని స్పిరిట్ గాని వాడండి.

షూలూ స్ప్రింగులూ ఎక్కించడం

షూ ఎటు తిరిగి ఉందన్నది స్ప్రింగు కంటే పెద్ద విషయం, అయినా ఎవరూ పట్టించుకోరు. బెల్ వైపు నుంచి చూస్తే ఇంజిన్ అపసవ్యంగా, గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. ఆ తిరిగే దిశలో షూ పిన్ను ముందు నడిచి, విచ్చుకునే కొస దాని వెనక వస్తే పట్టు మెత్తగా ఉంటుంది. కొస ముందు, పిన్ను వెనక ఉంటే బెల్ రాపిడి షూని ఇంకా బయటికి నెట్టి బిగిస్తుంది, పట్టు ఒక్కసారిగా గుద్దినట్టు వస్తుంది. వదులు మట్టి మీద మొదటి పద్ధతే వాడండి. ఎవరో కట్టి ఇచ్చిన సెకండ్‌హ్యాండ్ బండి కొన్నప్పుడు ముందుగా ఇదే చూడండి.

షూలు అల్యూమినియంవి, కాంపోజిట్‌వి (మిశ్రమ పదార్థంతో చేసినవి) అని రెండు రకాలు. అల్యూమినియం షూ బరువు, పట్టు గట్టి. వేడికి ఓర్చుకుంటుంది, కానీ బెల్‌ని అరగదీస్తుంది. కాంపోజిట్ షూ తేలిక కాబట్టి అదే స్ప్రింగు మీద కొంచెం ఆలస్యంగా పట్టుకుంటుంది, ఎక్కువ జారుతుంది, తొందరగా అరుగుతుంది. మూడు షూల క్లచ్ అయితే మూడూ అల్యూమినియం, మూడూ 1.0 స్ప్రింగులతో మొదలుపెట్టండి. నాలుగు షూలదైతే ఎదురెదురుగా రెండు అల్యూమినియం, రెండు కాంపోజిట్. ఇది ప్రయాణం మొదలుపెట్టే చోటు మాత్రమే, ఇక్కడి నుంచి నేల చెప్పినట్టు వెళ్ళాలి.

స్ప్రింగు ఎక్కించేటప్పుడు అది ఎగిరిపోతుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఇంజిన్‌ని పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో పెట్టి లోపల చేతులు పెట్టి పనిచేస్తే ఎగిరినా కవరులోనే ఉంటుంది. మైదానంలో ఎర్రమట్టి మీద కూర్చుని చేస్తే ఆ స్ప్రింగు మళ్ళీ కనపడదు. స్ప్రింగు కాలు షూ గాడిలో పూర్తిగా దిగిందా అని ప్రతి షూని చేత్తో విప్పి వదిలి చూడండి. టపీమని వెనక్కి కొట్టుకోవాలి. ఒకటి నెమ్మదిగా వస్తే ఆ స్ప్రింగు సాగింది. అలా ఒకటి పోయినా అన్నీ కలిపి మార్చాలి. పాతవీ కొత్తవీ కలిపితే ఒక షూ ముందూ ఒకటి వెనకా పట్టి బండి వణుకుతూ బయల్దేరుతుంది.

షిమ్ములు

ఓపిక పట్టాల్సిన పని ఇది. రెండు చోట్ల షిమ్ములు పడతాయి, రెండిటి పనీ వేరు. బెల్ వెనక, అంటే లోపలి బేరింగుకీ, ఫ్లైవీల్‌ని పట్టి ఉంచే క్లచ్ నట్టుకీ మధ్య వేసేవి బెల్ ఎంత లోతుగా కూర్చోవాలో నిర్ణయిస్తాయి. బెల్ అంచు ఫ్లైవీల్‌కి తగలకూడదు, అలాగని షూ సగమే లోపలుండేంత దూరమూ పోకూడదు. ముందు, అంటే బయటి బేరింగుకీ స్క్రూ వాషరుకీ మధ్య వేసేవి బెల్ ముందుకీ వెనక్కీ ఆడే ఆటని నిర్ణయిస్తాయి. ఆ ఆట 0.1 నుంచి 0.2 మి.మీ. ఉంటే చాలు.

మొదట వెనక వైపు సరిచూసుకుని, తర్వాత ముందు వైపు ఒక్కో షిమ్ము మారుస్తూ స్క్రూని ప్రతిసారీ పూర్తిగా బిగించండి. సగం బిగించి చూస్తే లెక్క తప్పుతుంది. బిగించాక బెల్‌ని రెండు వేళ్ళతో పట్టి లాగి తోస్తే చిన్న టిక్కుమనే చప్పుడు వినపడాలి. వేలితో తిప్పితే ఆగకుండా రెండు మూడు చుట్లు తిరగాలి. ఆట బొత్తిగా లేకపోతే వేడెక్కి సాగినప్పుడు బేరింగు నలిగిపోతుంది. ఎక్కువుంటే బెల్ ఊగి, షూలు ఒక పక్కే అరుగుతాయి. అంతా నచ్చాక నీలం థ్రెడ్‌లాక్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క స్క్రూ మరలకి రాసి బిగించండి, బేరింగు మీదకి కారనివ్వకండి.

ఇంజిన్ తిరిగి ఛాసిస్ మీద పెట్టేటప్పుడు బెల్ పళ్ళకీ పెద్ద గేరు పళ్ళకీ మధ్య నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి రెండూ దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, కాగితం తిప్పి తియ్యండి. కాగితం మడతలు పడి రావాలి, చిరగకూడదు. పెద్ద గేరు కొంచెం వంకరగా తిరుగుతుంది కాబట్టి ఒకచోట కాక నాలుగు చోట్ల చూడండి. ఇక్కడ బిగువు ఎక్కువైతే మీరు పెట్టిన కొత్త బేరింగు ఒక పూటలో పోతుంది.

నేల మీద పరీక్ష

కొత్త షూలు మొదట అక్కడక్కడా మాత్రమే బెల్‌ని తాకుతాయి. ఒక ట్యాంకు నెమ్మదిగా తిప్పి అవి ఒరుసుకున్నాకే తీర్పు చెప్పండి. మొదటి ఐదు నిమిషాలకే స్ప్రింగు మారిస్తే మీరు మారుస్తున్నది ఏమిటో మీకే తెలియదు.

విజయనగరంలో అయోధ్య మైదానం లాంటి చోట్ల తెల్లవారి నడకకొచ్చేవాళ్ళూ, సాయంత్రం క్రికెట్ పిల్లలూ ఉంటారు. కేకలేసే ఈ ఇంజిన్‌నీ, గంటకి 60 కిలోమీటర్లు దాటగల బండినీ వాళ్ళ మధ్యకి తీసుకెళ్ళొద్దు. ఊరి బయట, అడిగి ఒప్పుకున్న ఖాళీ స్థలం చూసుకోండి. చంపావతి ఇసుకలోనో, కళింగపట్నం తీరంలోనో తిప్పాలని మనసు పడేవాళ్ళుంటారు. మెత్తటి ఇసుకలో చక్రం కూరుకుపోయి ఇంజిన్ ఎప్పుడూ భారం మీదే ఉంటుంది, క్లచ్ పూర్తిగా పట్టే అవకాశమే రాదు, జారుతూ కాలిపోతుంది. తీరంలో అయితే దానికి ఉప్పు తోడు. ఆ ఇసుకలో పరీక్షించి క్లచ్ గురించి ఒక మాట అనుకుంటే ఆ మాట ఎర్రనేల మీద చెల్లదు.

బండి వేడెక్కాక ఐడ్లింగ్‌లో నేల మీద వదిలి చూడండి. చక్రాలు కదలకూడదు. కదిలితే స్ప్రింగు విరిగింది, లేదా షూ పిన్ను మీద బిగుసుకుంది, లేదా బేరింగు పట్టేసింది, లేదా ఐడ్లింగ్ ఎక్కువ. ముందుగా ఐడ్లింగ్ చూడండి, విప్పక్కర్లేని పని అది ఒక్కటే.

తర్వాత నిలబడ్డ చోటు నుంచి ట్రిగ్గర్ సగం దాకా నెమ్మదిగా, మళ్ళీ ఆపి ఒక్కసారిగా పూర్తిగా నొక్కండి. కళ్ళతో కాదు, చెవులతో చూడాలి. ఇంజిన్ శబ్దం ముందు గబుక్కున ఎగబాకి, ఒక క్షణం అక్కడే నిలబడి, బండి కదిలాక మళ్ళీ పెరగాలి. ఆ నిలబడటం అసలు లేకుండా శబ్దం కిందికి దిగిపోతే క్లచ్ తొందరపడుతోంది. శబ్దం కీచుమని పైకి పోయి, బండి దాన్ని అందుకోవడానికి చాలా దూరం పరిగెత్తాల్సి వస్తే ఆలస్యమవుతోంది.

కూలబడటం ఇంజిన్ వల్లా, క్లచ్ వల్లా తెలుసుకోవడం ఎలాగంటే: చక్రాలు గాలిలో ఉండగా ట్రిగ్గర్‌ని చిన్నగా చిటికెడు నొక్కి వదలండి. ఫుల్ రేస్ ఇవ్వకండి, భారం లేని ఇంజిన్ అదుపు తప్పి చెడుతుంది. గాలిలో కూడా తడబడితే అది కార్బరేటర్ సమస్య. గాలిలో చలాకీగా లేచి, నేల మీద పెట్టగానే కూలబడితే క్లచ్ తొందర, లేదా గేరు పెద్దది.

గేరు సంగతి చాలామంది మరిచిపోతారు. బెల్‌కి 13 పళ్ళు, పెద్ద గేరుకి 46 ఉంటే నిష్పత్తి 3.54. బెల్ 12 పళ్ళదైతే 3.83. అంటే సుమారు ఎనిమిది శాతం తేలికైన గేరు. బండి తొందరగా కదులుతుంది కాబట్టి క్లచ్ జారే సమయం తగ్గుతుంది, బెల్ తక్కువ కాలుతుంది, చివరి స్పీడు కొంచెం పోతుంది. మన మైదానాలు చిన్నవి, ఆ చివరి స్పీడు అందుకునేంత నిడివి ఎక్కడా లేదు. అందుకని క్లచ్ జారుతోందని అనిపించినప్పుడు స్ప్రింగు పెట్టె తెరిచే ముందు 12 పళ్ళ బెల్ వేసి చూడమంటాను. దీన్ని ఒప్పుకోని వాళ్ళు ఉన్నారు, వాళ్ళకి పొడవాటి స్ట్రెయిట్ ఉన్న ట్రాకు ఉండి ఉంటుంది.

ఒక్కసారికి ఒక్కటే

మార్పు ఏదైనా ఒక్కసారికి ఒక్కటే చేసి, రెండు ట్యాంకులు తిప్పి, ఫలితం రాసుకోండి. తొందరపడే క్లచ్‌కి గట్టి స్ప్రింగు, అంటే 0.9 నుంచి 1.0, 1.0 నుంచి 1.1. ఆ మెట్టు మరీ ఎక్కువ అనిపిస్తే షూకి రంధ్రం పొడిచి బరువు తగ్గించొచ్చు. బరువు తగ్గితే లాగే బలమూ తగ్గి పట్టు కొద్దిగా ఆలస్యమవుతుంది. అన్ని షూలకీ ఒకే చోట, ఒకే సైజు రంధ్రం పడాలి, లేకపోతే ఫ్లైవీల్ వణుకుతుంది. ఆలస్యమయ్యే క్లచ్‌కి దీనికి వ్యతిరేకంగా: మెత్తటి స్ప్రింగు, లేదా కాంపోజిట్ షూల బదులు అల్యూమినియంవి.

ఎండిన ఎర్రనేల మీద నేను 1.0 దాటి వెళ్ళమని చెప్పను. పట్టు ఆలస్యంగా, గట్టిగా వస్తే చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగి బండి తోక ఊపుతుంది. చూడ్డానికి ఆర్భాటంగా ఉంటుంది, కానీ పక్కన మెత్తగా బయల్దేరిన బండి అప్పటికే మలుపు దాటేసి ఉంటుంది. తొలకరి పడ్డాక నేల తడిసి పైమట్టి గట్టిపడితే కథ వేరు. అప్పుడు టైరు పట్టుకుంటుంది, ఇంజిన్ మీద భారం పెరుగుతుంది, 1.0తో కూలబడటం మొదలవుతుంది. అప్పుడు 1.1 వెయ్యండి. బురదలో మాత్రం తిప్పకండి, బెల్‌లోకి వెళ్ళిన బురద ఎండి షూని పిన్ను మీద బిగిస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు బాగుండి తర్వాత పట్టు వదిలే బండికి స్ప్రింగు మార్చినా ఉపయోగం లేదు. అది వేడి సమస్య. బండి ఆపగానే టెంపరేచర్ గన్‌తో బెల్ మీదా, ఇంజిన్ తల మీదా రెండు చోట్లా చూడండి. తల మామూలుగా ఉండి బెల్ ఒక్కటే ప్రతి ట్యాంకుకీ ఇంకా ఇంకా వేడెక్కుతుంటే షూలు గ్లేజ్ పట్టాయి, లేదా నూనె చేరింది, లేదా బ్రేకు పూర్తిగా వదలడం లేదు. చివరిది చాలాసార్లు కారణమవుతుంది. బ్రేకు లింకేజీ బిగువుగా ఉంటే బండి ప్రతి సెకనూ తన బ్రేకుతో తానే పోరాడుతుంది, ఆ భారం మోసేది క్లచ్చే. ఇంజిన్ ఆపి చక్రాలు చేత్తో తిప్పి చూస్తే పది సెకన్లలో తెలిసిపోతుంది.

1/10 టూరింగ్ కార్లు (రోడ్డు మీద తిప్పే రిమోట్ కార్లు) ఉన్నవాళ్ళకి ఒక్క మాట. వాటిలో ఎక్కువగా ఉండే సెంటాక్స్ క్లచ్‌లో షూలు విడిగా ఉండవు, ఒక్క రింగు ఉంటుంది. బరువులు విచ్చుకుని ఆ రింగుని బెల్ వైపు ముందుకి తోస్తాయి. పట్టే సమయం స్ప్రింగు నట్టు బిగువుతో మారుతుంది. బిగిస్తే ఆలస్యం, వదిలితే తొందర. ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి. రింగుకీ బెల్‌కీ మధ్య సందూ, బెల్ ఆటా మీ కిట్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెలకే పెట్టండి. ఆ క్లచ్‌లో థ్రస్ట్ బేరింగుకి గ్రీజు పెట్టడం మరిచిపోతే మిగతా సెట్టింగంతా వృథా.

ఇంటికొచ్చాక

ట్యాంకులో మిగిలిన ఇంధనం తీసెయ్యండి, లైనులో ఉన్నది కాలిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి. గ్లో ప్లగ్ తీసి ఆఫ్టర్ రన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేసి ఫ్లైవీల్ చేత్తో తిప్పండి. మన తేమకి ఇది మానేస్తే ఇంజిన్ బేరింగులు తుప్పు పడతాయి. నూనె వేసేటప్పుడు బండిని బెల్ వైపు వంచకండి, ముందు బేరింగు గుండా క్లచ్‌లోకి దిగుతుంది.

బెల్ తీసి లోపలి ఎర్రదుమ్ము పెయింట్ బ్రష్‌తో దులపండి. సైకిల్ పంపుతో గాలి కొడితే ఆ దుమ్ము బేరింగు సీలులోకి పోతుంది, అందుకే బ్రష్షే మంచిది. షూలు ఎంత అరిగాయో చూసి, అన్నీ సమానంగా ఉన్నాయో లేదో వెర్నియర్‌తో కొలవండి. ఒకటి మిగతావాటికంటే 0.3 మి.మీ. పైగా సన్నబడితే సెట్టు మొత్తం మార్చే సమయం వచ్చింది. స్ప్రింగులు చూడటానికి బాగానే ఉంటాయి, వేడికి లోలోపల మెత్తబడి పట్టు రోజురోజుకీ ముందుకు జరుగుతుంది. ఎప్పుడూ బాగా లేచే బండి కొన్నాళ్ళుగా కూలబడుతోంది, ఐడ్లింగ్‌లో పాకుతోంది, మీరు ఏమీ మార్చలేదు అంటే కొత్త స్ప్రింగులు వెయ్యండి. బండికి రెండు సెట్లు 1.0, ఒక సెట్టు 1.1, రెండు బేరింగులు, షిమ్ముల పొట్లం ఒక చిన్న డబ్బాలో ఎప్పుడూ ఉంచుకోండి. ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ వారం ఆదివారం పోయినట్టే.